సుఖ్‌మతి మాట్లాడే తెలుగు

పోయిన నెల ఒక మధ్యాహ్నం భిలాయి రిసాలిలో మా ఇంటి ముందు ఆటో ఆగింది. అందులోంచి నెరిసిన జుట్టు గట్టిగా ముడివేసుకున్న ఒక ఆడమనిషి దిగి, గేటు గడియ తనే తీసుకుని లోపలికి వచ్చి, "ఏటి మేడమ్, బాగున్నారా? నన్ను ఆనవాలు కట్టినారేటి?" అంది. మొహం గుర్తుపట్టడానికి నాకు కొంతసేపు పట్టింది గాని, ఆ మాట తీరు మాత్రం చప్పున తెలిసింది. అది మా నాన్నది. 'ఏటి' దగ్గర కొంచెం సాగదీసి, తల ఒక పక్కకి వాల్చి అడగడం మా నాన్నకి అలవాటు. ఆయన పోయి తొమ్మిదేళ్లయింది. ఇన్నాళ్లకి ఆ మాట మా వరండాలో మళ్లీ వినబడింది. అదీ ఛత్తీస్‌గఢీ కేవట్ల ఇంట పుట్టి, చేపలు పడుతూ పెరిగి, ఒక్కసారైనా ఆంధ్రా వైపు వెళ్లని సుఖ్‌మతి నోట.

టీ ఇచ్చాను. వాళ్ల ఊళ్లో ఆడవాళ్లంతా కలిసి చేపపిల్లల కేంద్రం ఒకటి పెట్టుకున్నారట. మంగళవారం నాడు పూజ చేసి మొదలుపెడతారట. నేను వచ్చి నాలుగు మాటలు చెప్పాలట. "మీరే గదా మేడమ్ నాకు మొదటి మేనేజరు. ఇప్పుడు ఆల్లందరూ నన్ను మేనేజర్ దీదీ అంతన్నారు" అని నవ్వింది. చూస్తాలే అని పంపేశాను. ఆమె వెళ్లాక మా మనవరాలు, "నానీ, ఆవిడ ఏ భాష మాట్లాడింది? ఇంత ఫన్నీగా!" అని హిందీలో అడిగింది. అది మీ ముత్తాత భాష అని చెప్పడానికి నాకు నోరు రాలేదు. నా ఇంట్లో ఎవరికీ మిగలని మాట ఆమె దగ్గర మిగిలింది. అరవై దాటిన మనిషిని, రిటైరైనదాన్ని, ఆ సాయంత్రం ఆమె తాగిన కప్పు కడుగుతూ మనసులో కుతకుతలాడిపోయాను. అది కొత్త మంట కాదు. ఇరవై ఎనిమిదేళ్ల వయసులో మొదలైంది. ఎలా మొదలైందో ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.

మేం సెక్టర్ ఆరులో కంపెనీ క్వార్టర్లో పెరిగాం. నాన్నది స్టీల్ ప్లాంటులో ఫర్నెస్ దగ్గర పని. షిఫ్టు నుంచి సైకిలు తొక్కుకుంటూ వచ్చి, పంపు దగ్గర కాళ్లూ చేతులూ చాలాసేపు రుద్దుకునేవాడు. ఎంత రుద్దినా గోళ్ల చుట్టూ ఎర్రటి దుమ్ము పోయేది కాదు. ఆదివారంనాడు అమ్మ పవర్ హౌస్ మార్కెట్లో మనవైపు ఆవిడ దగ్గర ఎండు మెత్తళ్ల చేపలు కొని తెచ్చి, మూకుట్లో వేయించేది. కిటికీలు మూసినా ఆ వాసన ఆగేది కాదు. పక్క క్వార్టరు మిశ్రాగారి భార్య పెరట్లో బట్టలు తీసేసుకునేది. నాన్న పీట మీద కూర్చుని, మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని కళ్లు మూసుకునేవాడు. అమ్మ గరిటె పట్టుకుని నిలబడేది. "సరిపోనాది" అంటే ఆ పూట పండగే. "ఉప్పు నేదు" అంటే ఇంక ఆ కూర సంగతి ఎవరూ ఎత్తకూడదు. ఆయన పుట్టింది ఆంధ్రా తీరంలో నౌపడా పక్కన. వాళ్ల నాన్న ఉప్పుమళ్లలో కూలీ. పద్దెనిమిదో ఏట ఊరు వదిలిన మనిషికి ఆ ఊరిది నాలుక ఒక్కటే మిగిలింది.

మెచ్చుకోవడం ఆయనకి చేతకాదు. నాకు పదో తరగతిలో ఫస్టు క్లాసు వచ్చినా, ఎమ్మెస్సీలో వచ్చినా, "మంచిదే" అనేవాడు. ఆ తర్వాత సైకిలు చక్రంలో గాలి ఉందో లేదో నొక్కి చూసుకునేవాడు. నేను జంతుశాస్త్రం చదివి, తర్వాత చేపల పెంపకంలో శిక్షణ తీసుకుని వచ్చాను. రిసాలి అవతల ఒక సేఠ్ కొత్తగా పెట్టిన చేపపిల్లల హేచరీకి మేనేజరుగా చేరాను. అమ్మ నెత్తి కొట్టుకుంది. "సదివి సదివి సేపల కాపలాకేటే?" అంది. నాన్న మాత్రం, "నీళ్ల పని. మంచిదే" అన్నాడు. ఆ 'నీళ్ల పని' అనే మాట అదనంగా అన్నందుకే నేను నెల్లాళ్లు సంతోషపడ్డాను. ఆయన నోటి నుంచి ఒక్క పొగడ్త రాలుతుందేమోనని ఆ రోజుల్లో నేను చేయని పని లేదు.

హేచరీ అంటే పెద్ద భవనం ఏం కాదు. రెండు మట్టి చెరువులు, గుండ్రటి సిమెంటు తొట్టెలు నాలుగు, రేకుల షెడ్డు, నా ఆఫీసు గది. చెరువుల్లో బొచ్చె, రాగండి తల్లిచేపలు ఉండేవి. వానలు మొదలయ్యాక వాటికి మందు ఎక్కించి, తొట్టెలో వదిలి, నీళ్లు గుండ్రంగా తిప్పితే గుడ్లు పెట్టేవి. ఆ గుడ్లు సగ్గుబియ్యంలా ఉబ్బి నీళ్లలో తిరుగుతుంటే పొద్దున్నే వెళ్లి చూడడం ఎంత బాగుండేదో! కాని ఏ చేప పక్వానికి వచ్చిందో, దేనికి మందు ఎక్కించాలో చెప్పగలిగే చెయ్యి నాది కాదు. సుఖ్‌మతిది. ఆమె అప్పుడు నాకన్నా రెండేళ్లు చిన్న, కూలికి వచ్చేది, సంతకం చేయడం కూడా రాదు. మోకాళ్లలోతు నీళ్లలో నిలబడి, చేప పొట్ట మీద వేలితో ఒక్కసారి రాసి, "ఆజ్ నహీ, కల్" అనేది. నేను పుస్తకం చూసి ఈ రోజే అనేదాన్ని. రేపే అయ్యేది. అప్పటికే నాకు కొంచెం కుళ్లుగా ఉండేది గాని, పని సంగతే కదా అని మింగేసేదాన్ని.

రెండో ఏడు సేఠ్‌కి నీలకంఠం రొయ్యల మీద ఆశ పుట్టింది. ఆ రొయ్య పెరిగేది మంచినీళ్లలోనే. కాని పుట్టిన పిల్లలు మొదటి నెల ఉప్పు కలిసిన నీళ్లలో ఉండకపోతే బతకవు. భిలాయికి సముద్రం ఎక్కడిది? అందుకని టాంకరు మీద ఉప్పునీళ్లు తెప్పించే ఏర్పాటు చేశాను. ఎక్కడినుంచి అంటే నౌపడా ఉప్పుమళ్ల నుంచి. నిజం చెప్పాలంటే ఇంకో చోటి నుంచి కూడా తేవచ్చు. నాన్న కోసమే అక్కడినుంచి తెప్పించాను. అప్పటికి ఆయన రిటైరై రెండు నెలలు. క్వార్టరు ఖాళీ చేసి రిసాలి ఇంటికి వచ్చి, ఏం తోచక సైకిలు తుడుచుకుంటూ కూర్చునేవాడు. టాంకరు వచ్చిన పొద్దున ఆయన్ని వెంటబెట్టుకుని వెళ్లాను. గొట్టంలోంచి పడుతున్న నీళ్లలో ఆయన వేలు ముంచి నాలుక మీద పెట్టుకున్నాడు. కళ్లు మూసుకున్నాడు. అమ్మలాగే నేనూ నిలబడి ఎదురుచూశాను.

"మన నీరే" అన్నాడు. నావైపు తిరుగుతాడనుకున్నాను. గొట్టం పట్టుకుని నిలబడ్డ సుఖ్‌మతి వైపు తిరిగాడు. "చఖో, బేటీ. ఏ మేరా గావ్ కా పానీ" అన్నాడు, రుచి చూడమని, అది తన ఊరి నీళ్లని. ముప్పై ఏళ్లు ఫర్నెస్ దగ్గర నేర్చుకున్న హిందీ అది. ఆమె కూడా వేలు ముంచి నోట్లో పెట్టుకుని, మొహం చిట్లించి, పకపక నవ్వింది. ఆయనా నవ్వాడు. పళ్లన్నీ కనబడేలా మా నాన్న నవ్వడం నేను అదే చూడడం.

ఆ మర్నాటి నుంచి ఆయన రోజూ రావడం మొదలుపెట్టాడు. నాతో కాదు, నాకన్నా ముందే సైకిలు మీద. రొయ్యపిల్లలకి కోడిగుడ్డూ పాలపొడీ కలిపి ఆవిరి మీద ఉడికించి, జల్లెడలో రుద్ది సన్నగా పెట్టాలి. ఆ వాసనకి షెడ్డంతా వంటిల్లులా ఉండేది. ఆమె జల్లెడ పడుతుంటే ఆయన తొట్టె గట్టు మీద కూర్చుని కబుర్లు చెప్పేవాడు. ఉప్పెంత ఉందో నాలుక మీద ఎలా తెలుస్తుందో ఆమెకి నేర్పాడు. నాలుక కొస మీద కాదు, పక్కల్లో చూడాలని. నాకు ఎన్నడూ నేర్పలేదు. నేను అడగలేదనుకోండి. అమ్మ కట్టిచ్చిన గిన్నెలో మెత్తళ్ల వేపుడు సగం ఆమె ఆకులోకి వెళ్లేది. నేను ఆఫీసు గది కిటికీ జాలీ వెనకనుంచి చూసేదాన్ని. ఒకరోజు ఇంట్లో భోజనాల దగ్గర అమ్మతో అన్నాడు: "ఆ పిల్లకి నీరు తెలుసే. అలగ తెలిసినోలు పుడతారు గాని, సదివితే రాదు." నేను అక్కడే కూర్చుని పప్పు కలుపుకుంటున్నాను. ఆ ముద్ద నాకు గొంతు దిగలేదు.

మొదటి రెండు విడతలు బాగా వచ్చాయి. మూడో విడతకి నీళ్లు కలిపేటప్పుడు నేనే దగ్గరుండి ఉప్పు చూశాను. దానికి చేతిలో పట్టే చిన్న పరికరం ఉండేది. అద్దం మీద ఒక చుక్క వేసి వెలుతురుకి ఎదురుగా పట్టి చూస్తే అంకె కనిపిస్తుంది. పన్నెండు చూపించింది. సరిగ్గా ఉండవలసింది అంతే. పిల్లల్ని వదిలాం. మర్నాడు సుఖ్‌మతి గది గుమ్మంలోకి వచ్చి, "మేడమ్, పానీ ఫీకా హై" అంది. నీళ్లు చప్పగా ఉన్నాయని. ఆమె వెనక నాన్న. "అవునే రవణా. నానూ సూసినాను. సగం ఉప్పు కూడా నేదు. ఇంకో నాలుగు డ్రమ్ములు పొయ్యించు."

వాళ్లిద్దరూ అలా ఒకే మాట మీద, ఒకే గుమ్మంలో నిలబడి ఉండడం చూసి నాకు ఒళ్లు మండిపోయింది. "ఇదేమైనా వంటిల్లా నాన్నా, రుచి చూసి ఉప్పెయ్యడానికి? మిషను పన్నెండు చూపిస్తోంది" అన్నాను. మిగిలిన పనివాళ్లంతా వింటున్నారు. సుఖ్‌మతితో, "రేపటినుంచి నువ్వు రొయ్యల షెడ్డులోకి రావద్దు. అవతలి చెరువు గట్టు చెక్కు" అన్నాను. ఆమె నాన్న మొహం వంక చూసింది. నా వంక కాదు. నేను మేనేజర్ని, అయినా ఆయన మొహం వంకే చూసింది.

నాలుగో రోజుకి పిల్లలు ఈదడం మానేసి అడుగుకి జారడం మొదలైంది. ఆరో రోజుకి తొట్టె అడుగున తెల్లగా, తడిసిన రవ్వ పోసినట్లు పడి ఉన్నాయి. నీచువాసన. ఆ మధ్యాహ్నం గదిలో ఒక్కదాన్నే కూర్చుని, కుళాయి నీళ్లు ఒక చుక్క పరికరం మీద వేసి చూశాను. ఉప్పు లేని నీళ్లకి సున్నా చూపించాలి. ఆరు చూపించింది. రెండు వారాల కిందట అది నా చేతిలోంచి జారి నేల మీద పడింది. మళ్లీ సున్నాకి సరిచేసుకోవాలని పుస్తకంలో చదివినదాన్నే. చేయలేదు. తల ఎత్తితే జాలీ అవతల నాన్న నిలబడి ఉన్నాడు. నా చేతిలో పరికరం, బల్ల మీద కుళాయి నీళ్ల గ్లాసు. ఫర్నెస్ దగ్గర మీటర్లు చూస్తూ బతికిన మనిషికి వేరే చెప్పాలా?

సాయంత్రం సేఠ్ వచ్చాడు. అందర్నీ తొట్టె దగ్గర నిలబెట్టి ఎవరి తప్పని అడిగాడు. నేను నోరు తెరిచాను. నా నోట్లోంచి వచ్చిన మాట ఇది: "మొదటి రోజు మేత సుఖ్‌మతి వేసింది. ఎక్కువ వేసి నీళ్లు పాడుచేసింది." అంత తేలిగ్గా వచ్చింది. ముందే కంఠతా పెట్టుకున్నట్లు వచ్చింది. రేపటినుంచి రావద్దన్నాడు సేఠ్. ఆమె చెప్పులు చేత్తో పట్టుకుని గట్టు వెంబడి నడిచి వెళ్లిపోయింది. ఆ క్షణంలో నాకు కలిగింది పశ్చాత్తాపం కాదు. ఇక రేపు నాన్న గట్టు మీద ఒంటరిగా కూర్చుంటాడు, నేను వెళ్లి పక్కన కూర్చోవచ్చు అనుకున్నాను.

ఆ పూట అన్నం తింటూ నాన్న, "రేపట్నించి నాను అక్కడికి రాను" అన్నాడు. ఎందుకని అమ్మ అడిగితే, "నాకక్కడ పనేటుంది?" అన్నాడు. మర్నాడు మాత్రం మామూలుగానే సైకిలు తీశాడు. మధ్యాహ్నానికి ప్యాంటు మడతల్లో బురదతో తిరిగి వచ్చాడు. వారానికి అమ్మ ద్వారా తెలిసింది, సుఖ్‌మతి వాళ్ల ఊరు వెళ్తున్నాడని. వాళ్లు ఊరి చెరువు కౌలుకి తీసుకుని చేపపిల్లల్ని పెంచుతుంటే ఈయన సాయం చేస్తున్నాడని. ఓపిక ఉన్నన్నాళ్లూ, పదకొండేళ్లు వెళ్లాడు. నన్ను పల్లెత్తు మాట అనలేదు. తిట్టి ఉంటే బాగుండేది. దండెం మీద ఆరేసిన ఆయన చొక్కాలు నాచు వాసన వేసేవి. నేను వాటిని మడతపెడుతూ, ఎవరూ చూడకుండా మొహానికి ఆనించుకుని, ఆ వాసన మీద కూడా కుళ్లుకునేదాన్ని. ఆమెను దూరం చేద్దామనుకున్నాను. ఆయన్నే మొత్తంగా ఆమెకి అప్పగించాను. తర్వాత నా పెళ్లయింది. రొయ్యలకి తెగులు వచ్చి సేఠ్ హేచరీ మూసేశాడు. నేను కాలేజీలో పాఠాలు చెప్పుకుంటూ రిటైరయ్యాను. నాన్న పోయిన రోజు సుఖ్‌మతి వచ్చి, గేటు దగ్గర కొంతసేపు నిలబడి, లోపలికి రాకుండానే వెళ్లిపోయింది.

మంగళవారం వెళ్లాను. వెళ్లకూడదని సోమవారం దాకా అనుకుని కూడా వెళ్లాను. మా రోజుల్లో మేం బాల్చీలతో తిప్పలుపడిన పని ఇప్పుడు మోటార్లు చేస్తున్నాయి. తొట్టెలకి నీలం రంగు, ప్రతిదాని మీదా అంకె. ఒకే రంగు చీరల్లో ఇరవైమంది ఆడవాళ్లు. చాలామందికి సంతకం వచ్చు. ఫోనులో మార్కెట్ ధర చూసుకుంటున్నారు. నాకు దండ వేసి మాట్లాడమన్నారు. శుభ్రత గురించీ శ్రద్ధ గురించీ రాసుకుని తెచ్చిన కాగితం ఉంది. దాన్ని పక్కన పెట్టి, హిందీలో, జరిగింది జరిగినట్లు చెప్పాను. పరికరం పడేసింది నేను, సరిచేయనిది నేను, పేరు చెప్పింది మీ దీదీది అని. ఎవరో టీ గ్లాసులు తెచ్చారు. అంతటితో సభ అయిపోయింది.

ఆటో దొరికే రోడ్డు దాకా సుఖ్‌మతి నాతో నడిచి వచ్చింది. "అందరి ముందటా ఎందుకు మేడమ్? నాకు తెలుసు గదా" అంది.

"ఎప్పటినుంచి?"

"ఆ మర్నాడే. బాబూజీ సైకిలేసుకొని మా ఇంటికొచ్చినారు. మా అమ్మ ముందట, మా చాచీ ముందట, రెండు సేతులూ జోడించినారు. నాకు అప్పటికి తెలుగు రాదు. 'మేరా బచ్చీ గల్తీ కియా, మాఫ్ కరో' అన్నారు. నాను కోపంతో మాటాడనేదు. అప్పుడన్నారు హిందీలోనే, 'దానికి కోపం నా మీద, నీ మీద కాదు' అని."

నేను రోడ్డు మీద ఆగిపోయాను. అంటే ఆయనకి అన్నీ తెలుసు. పప్పు ముద్ద దిగకపోవడం, జాలీ వెనక నిలబడడం, అన్నీ. తెలిసి ఆ మాట నాతో అనకుండా, వెళ్లి ఆమెతో అన్నాడు. నా తరపున అడిగిన క్షమాపణ కూడా ఇన్నేళ్లు వాళ్లిద్దరి మధ్యే ఉంది. తేలికపడవలసిన చోట నాకు మళ్లీ అదే మంట లేచింది. సిగ్గు లేదా అని నన్ను నేనే తిట్టుకున్నాను. అయినా అడగకుండా ఉండలేకపోయాను. "ఇక్కడ ఏం చేసేవాడు నాన్న రోజూ?"

ఆమె మొహం విప్పారింది. "అన్నీ సేసేవోరు. వలలు కుట్టేవోరు. మా పిల్లలకి లెక్కలు సెప్పేవోరు. ఈత నేర్సుకున్నారు. బాబూజీకి ఈత రాదు గదా, మీకు తెలుసు గదా మేడమ్?"

"తెలుసు" అన్నాను. తెలియదు. సముద్రం ఒడ్డున పుట్టిన మనిషికి ఈత రాదని నాకెలా తోస్తుంది? ఇంట్లో ఎవరం ఎప్పుడూ అడగలేదు. ఆయనా చెప్పలేదు.

"సిన్నప్పుడు ఆల్ల అన్న అలల్లో కొట్టుకుపోనాడంట. అప్పట్నించి భయం. అరవై దాటినాక మా చెరువులో దిగినారు. నడుముకి ఖాళీ డబ్బా కట్టుకున్నారు. నాను సెయ్యి పట్టుకున్నాను. ఊరంతా గట్టు మీద నవ్వుతన్నారు. ఆయన అరుస్తన్నారు, 'ఒగ్గీకమ్మా, ఒగ్గీకు' అని. నాకు మొదట అర్థం కానేదు. పట్టుకోమంతన్నారో ఒదిలీమంతన్నారో! ఒదలొద్దంతన్నారని తరవాత తెలిసింది. నాను నేర్సుకున్న మొదటి తెలుగు మాట అదే మేడమ్."

ఆటో వచ్చింది. ఆమె నా చెయ్యి పట్టుకుని ఎక్కించింది. నేనూ గట్టిగా పట్టుకున్నాను, ఆ మాట నిజమే. పవర్ హౌస్ దాకా ఎదురుగాలి కొడుతూనే ఉంది. నాన్నకి ఒక అన్న ఉండేవాడని నాకు అరవై ఏళ్లు దాటాక తెలిసింది. నడుముకి డబ్బా కట్టుకున్న ముసలాయన, గట్టు మీద నవ్వుతున్న ఊరూ కళ్లముందు కదులుతూ ఉన్నాయి. ఆ గట్టు మీద నిలబడి చూసిన ప్రతి మనిషి మీదా, పిల్లల మీద కూడా, నాకు అసూయగా ఉంది. చెయ్యి వదలవద్దని మా నాన్న నన్ను ఎన్నడూ అడగలేదు.